మరపువ్యాధి: ఇరుగుపొరుగుల కర్తవ్యము

సాయంకాలము వీధి అరుగుమీద కూర్చున్న ఒక వృద్ధురాలు దారిని పోవువారిని పిలిచి, "పొద్దుటినుంచి నాకు అన్నం పెట్టలేదమ్మా" అని చెప్పుకొనుట మనలో పెక్కుమంది ఎప్పుడో ఒకప్పుడు వినియే యుందురు. విన్నవారికి జాలి కలుగును. ఆ జాలి క్షణములో కోపముగా మారి, ఆ ఇంటి కోడలిమీదికి పోవును. "పెద్దముండకు పిడికెడు మెతుకులు పెట్టలేకపోయిందా?" అని రెండిండ్ల అవతల చెప్పుకొందురు. ఆ కోడలు మధ్యాహ్నము అన్నము మెత్తగా కలిపి, ముద్దలు చేసి, బ్రతిమాలి తినిపించినదనియు, తిన్న అరగంటకే ఆ వృద్ధురాలికి తిన్న సంగతియే తెలియకుండ పోయినదనియు ఎవరికిని తోచదు.

అట్లు జాలిపడి కోపగించినవారిలో మేమును చేరినవారమే. కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దమ్మగారిని చూడబోయితిమి. బంధువులందరి పుట్టినరోజులు, పెద్దల తిథులు పంచాంగము చూడకుండ చెప్పగలిగిన మనిషి ఆమె. మమ్ము చూడగానే పేరు పెట్టి పిలిచి, మా చిన్ననాటి అల్లరిపనులు ఒక్కొక్కటే చెప్పి నవ్విరి. మేము సెలవు తీసుకొనబోవు సమయమున చేయి పట్టుకొని, "నువ్వయినా చెప్పరా, వీళ్లు నాకు అన్నం పెట్టటంలేదు" అనిరి. మేము వదినగారిని ప్రక్కకు పిలిచి, "పెద్దావిడ కదా వదినా, కాస్త కనిపెట్టి చూడండి" అని హితవు చెప్పితిమి. ఆమె మారుమాట పలుకలేదు. లోపలికి పోయి ఒక నోటుపుస్తకము తెచ్చి మా చేతిలో పెట్టిరి. "ఏడున్నర: ఇడ్లీలు రెండు. పదకొండు: అన్నం, బీరకాయకూర, మజ్జిగ. మూడు: కాఫీ, బిస్కత్తులు రెండు." ఇట్లు నాలుగు నెలల పద్దులు అందు వ్రాయబడి యున్నవి. "డాక్టరుగారు వ్రాయమన్నారా?" అని అడిగితిమి. "లేదు. అడిగినవాళ్లకు చూపించటానికి" అని ఆమె బదులు చెప్పిరి.

తన ఇంటిలో తానే నేరము మోపబడినదానివలె సాక్ష్యము కూర్చుకొనుచున్న ఆ ఇల్లాలిని చూచి మేము తలవంచుకొంటిమి. నేటి మా ప్రసంగమునకు మూలము ఆ నోటుపుస్తకమే.

మా పెద్దమ్మగారిని పట్టుకొన్న వ్యాధిని వైద్యులు డిమెన్షియా అందురు. మన ఇండ్లలో దీనికి మతిమరుపు, చాదస్తము, చిన్నతనము తిరిగివచ్చుట అని పలుపేర్లు కలవు. ఈ పేర్లన్నిటిలోను ఒక భావము ఇమిడి యున్నది. ముసలితనమునకు ఇది సహజమే, దీనికి చేయదగినది లేదు అనునదే ఆ భావము. అది సత్యము కాదు. వయస్సు పైబడినకొలది పేర్లు వెంటనే నోటికి రాకపోవుట, కండ్లజోడు ఎక్కడ పెట్టినది మరచుట సహజమే. కాని కండ్లజోడు దేనికో తెలియకపోవుట, ముప్పది యేండ్లు నడచిన వీధిలో దారి తప్పుట, కాఫీ పెట్టు క్రమము తోచకపోవుట, కట్టుకొన్న చీర విప్పి మరల కట్టుకొనలేక కూర్చుండుట ముసలితనము కాదు, మెదడునకు వచ్చిన రోగము.

ఈ రోగము జ్ఞాపకమును దోచుకొను తీరు తెలిసినచో, ఆ వృద్ధురాలి మాటలు మనకు అర్థమగును. మెదడులో కణతల లోపలివైపున హిప్పోకాంపస్ అను చిన్నభాగము కలదు. నేడు జరిగిన సంగతిని నిలిచియుండు జ్ఞాపకముగా మార్చునది అదియే. డిమెన్షియాలో ఎక్కువగా కానవచ్చు ఆల్జీమర్ వ్యాధియందు మొదట దెబ్బతిను భాగములలో ఇది ఒకటి. చిట్టాపుస్తకములో పాతపద్దులన్నియు చెక్కుచెదరక ఉండి, నేటి పద్దు మాత్రము ఎక్కకపోయినచో ఎట్లుండునో, ఆమె స్థితి అట్లుండును. అరువది యేండ్ల నాటి పెండ్లి ఊరేగింపు కండ్లకు కట్టినట్లు చెప్పును. అరగంట క్రిందటి భోజనము ఆమెకు సంబంధించినంతవరకు జరుగనే లేదు. కావున "అన్నం పెట్టలేదు" అని ఆమె చెప్పుట అబద్ధము కాదు. కోడలు పెట్టితినని చెప్పుట కూడ అబద్ధము కాదు. ఇద్దరును సత్యమే చెప్పుచున్నారు. వినువారికి ఈ సంగతి తెలియకపోవుట వలననే ఇల్లు న్యాయస్థానముగా మారుచున్నది.

ఈ వ్యాధిని వైద్యలోకమునకు మొదట విశదపరచినవాడు జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆసుపత్రికి 51 ఏండ్ల స్త్రీ నొకతెను ఆమె భర్త తీసికొనివచ్చెను. ఆయన రైల్వేలో గుమాస్తా. ఆమె చిన్న చిన్న సంగతులు మరచుచు, అకారణముగా అనుమానపడుచు, వస్తువులను దాచిపెట్టుచు వచ్చినది. 1906లో ఆమె మరణానంతరము ఆల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణముల నడుమ గడ్డకట్టిన పదార్థమును, కణములలోపల చిక్కుపడిన పోగులను చూచి, ఆ యేడే ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో వివరించెను. 1910లో ఆచార్య క్రేపెలిన్ తన గ్రంథములో ఆ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను. వైద్యచరిత్ర వైద్యుని పేరు నిలిపినది, రోగిని జ్ఞాపకముంచుకొన్నది. ఆసుపత్రికి తీసికొనివచ్చు నాటివరకు ఆమెను ఇంట కనిపెట్టుకొని యుండిన ఆ గుమాస్తాను మాత్రము అంతగా తలచుకొనదు. నేటికిని మన తీరు అట్లే యున్నది.

ఇది ఎక్కడనో పాశ్చాత్యదేశములకు చెందిన వ్యాధియని కొందరు తలంతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో జీవించుచుండిరి. వారిలో నూటికి అరువదిమందికి పైగా పేద, మధ్యతరగతి ఆదాయముగల దేశములవారే. మన దేశమును గూర్చి 2023లో వెలువడిన అధ్యయనము, అరువది యేండ్లు పైబడినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధిగ్రస్తులని అంచనా కట్టినది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది హెచ్చుగా నున్నట్లు ఆ అధ్యయనము తెలిపినది. మన హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ క్లినిక్కుకు వచ్చిన 648 మంది రోగులను గూర్చి 2013లో ప్రకటించిన పరిశోధన ప్రపంచ ఖ్యాతి పొందినది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వంటి భాషలలో రెండింటినైనను మాట్లాడువారికి, ఒకే భాష మాట్లాడువారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా ఈ వ్యాధి పొడసూపినదని అందు తేలినది. రెండు భాషలు వచ్చినచో వ్యాధి రాదని దీని అర్థము కాదు. ఇది మన ఇండ్లలో, మన భాషలు మాట్లాడుచున్న వ్యాధియే అని గ్రహించిన చాలును.

ఐనను ఇన్ని లక్షల మంది ఎక్కడ నున్నారు? మనకు కనబడరేమి? ఈ ప్రశ్నకు సమాధానము గోవాలో దొరకినది. ఇరువది యేండ్లకు పూర్వమే అచటి పరిశోధకులు ఊళ్లలోనివారిని, ఆరోగ్య కార్యకర్తలను కూర్చుండబెట్టి, ఈ లక్షణములు గల వృద్ధులను గూర్చి మీ అభిప్రాయమేమని అడిగిరి. అట్టి వృద్ధులను అందరును ఎరుగుదురు. కాని దానిని వ్యాధియని తలంపరు. ముసలితనమని కొందరనిరి. బిడ్డలు ప్రేమగా చూడకపోవుటచే, నిర్లక్ష్యము చేయుటచే పెద్దలకు అట్లగునని మరికొందరనిరి. ఈ రెండవ మాటను శ్రోతలు శ్రద్ధగా ఆలోచింపవలెను. వ్యాధి లక్షణమే కుటుంబపు దోషమునకు గుర్తుగా చెల్లుబడి యగుచున్నప్పుడు, ఏ కుటుంబము దానిని బయటపెట్టుకొనును? తలుపు మూసికొనును. వృద్ధుడు పెరటిగదికి పరిమితమగును. ఆయనను కనిపెట్టుకొన్నవారు పెండ్లిండ్లకు, పేరంటములకు పోవుట మానుకొందురు. వ్యాధి ఒకరి తలలో నున్నది. శిక్ష మాత్రము ఇద్దరు అనుభవించుచున్నారు.

కావున ఇరుగుపొరుగు చేయదగిన మొట్టమొదటి సహాయము ధనము కాదు, మందు కాదు. నింద మానుటయే. ఆ తరువాతి సహాయమును గూర్చి కూడ గోవాయే మార్గము చూపినది. అచటి రెండు తాలూకాలలో 81 కుటుంబములను ఎన్నుకొని, సగము కుటుంబములకు ఆరునెలలపాటు ఇంటివద్దనే సహాయము అందజేసిరి. సహాయకులుగా వచ్చినవారు పెద్ద వైద్యులు కారు. ఆ ప్రాంతమువారే, ఈ పనికై కొలదిపాటి శిక్షణ పొందినవారు. వారి వెనుక ఒక మానసిక వైద్యుడును, ఒక సలహాదారును ఉండిరి. సహాయకులు ఇంటికి పోయి, ఇది వ్యాధియని విడమరచి చెప్పిరి. ప్రతిదిన కృత్యములలో మెలకువలు నేర్పిరి. సంరక్షకుల మొర ఆలకించిరి. ప్రభుత్వ పథకములకు దరఖాస్తు చేయుటలో తోడ్పడిరి. ఆ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. వృద్ధుల వ్యాధి నయము కాలేదు. వారి శక్తిలో నిశ్చయముగా చెప్పదగిన మార్పు లేదు. కాని వారిని కనిపెట్టుకొన్నవారి మనోవేదన స్పష్టముగా తగ్గినది. వృద్ధుల ప్రవర్తన వలన తమకు కలుగు క్షోభ కూడ తగ్గినదని వారు చెప్పిరి. రోగము మారకపోయినను భారము మారవచ్చునని దీనివలన మనము నేర్చుకొనదగియున్నది.

కేరళలోని త్రిచూరు ప్రాంతమున మరియొక ప్రయత్నము జరిగినది. అచటి ఆరోగ్య కార్యకర్తలకు రెండున్నర గంటల పాఠము మాత్రము చెప్పి, మీకు తెలిసిన ఇండ్లలో ఇట్టి లక్షణములున్న వృద్ధులను గుర్తింపుడని కోరిరి. వారు చూపించినవారిని తరువాత వైద్యులు పరీక్షింపగా, మూడింట రెండువంతులకు దగ్గరగా నిజమైన రోగులని తేలినది. ఊరి సంగతి ఊరివారికి తెలియును. దానికి పేరు మాత్రము తెలియదు. ఆ పేరు చెప్పగనే వారికి కన్ను తెరచికొన్నది. ఇదే కేరళలో 1992లో ఆల్జీమర్ వ్యాధిగ్రస్తుల కుటుంబములకై అఖిలభారత సంఘమొకటి ఏర్పడినది. డాక్టరు జేకబ్ రాయ్ దాని స్థాపకులు. మన హైదరాబాదులోను దానికి శాఖ ఏర్పడినది. 2014లో కేరళ ప్రభుత్వము ఆ సంఘముతో కలిసి "స్మృతిపథం" అను కార్యక్రమమును ఆరంభించినది. పగటివేళ వృద్ధులను ఉంచుకొని చూచు నిలయములు అందులో భాగము. ఉదయము వదలి సాయంకాలము తీసికొనిపోవు ఏర్పాటు ఉన్నచో, కుమార్తె ఉద్యోగము మానవలసిన పని లేదు. కోడలు పగలు ఒక గంట నిద్రింపగలదు.

సమాజము మొత్తమును ఈ పనికి సిద్ధము చేసిన దేశము జపాను. అచట వృద్ధుల సంఖ్య మిక్కిలి ఎక్కువ. మొదట వారు చేసినది మాటను మార్చుట. అంతవరకు ఈ వ్యాధికి వాడుకలో నున్న జపాను మాటకు తెలివిమాలినతనమని అర్థము. ఆ మాట అవమానకరమని 2004లో ప్రభుత్వము దానిని విడనాడి, గ్రహణశక్తికి సంబంధించిన వ్యాధియని అర్థమిచ్చు క్రొత్తమాటను స్వీకరించెను. మరుసటి యేడు, 2005లో, "డిమెన్షియా సహాయకులు" అను ఉద్యమము ఆరంభమైనది. బ్యాంకు గుమాస్తాలు, దుకాణదారులు, పోలీసులు, బడిపిల్లలు గంటన్నర సేపు జరుగు పాఠమునకు వత్తురు. పాఠము విన్నవారికి నారింజరంగు కంకణమొక్కటి ఇచ్చుట వాడుక అయినది. ఇట్లు పాఠము విన్నవారు నేటికి కోటిమందికి మించియున్నారు. ఓముతా అను పట్టణములో 2004 నుండి మరియొక ఆచారము కలదు. దారి తప్పిన వృద్ధునివలె ఒకరు వీధులలో తిరుగుదురు. ఊరివారు ఆ వ్యక్తిని గుర్తించి, మెల్లగా పలుకరించి, ఇల్లు చేర్చుట అభ్యాసము చేయుదురు. అగ్నిప్రమాదమునకు ముందుగా అభ్యాసము చేసినట్లే ఇదియు.

ఆ పాఠములలో చెప్పు మూడు నిషేధములు మనము కూడ కంఠస్థము చేయదగినవి. ఉలికిపాటు కలిగింపరాదు. తొందరపెట్టరాదు. అభిమానము దెబ్బతీయరాదు. వెనుకనుండి పిలువక ఎదుటికి వచ్చి పలుకరింపవలెను. ఒక ప్రశ్న అడిగి, బదులు వచ్చువరకు ఓపిక పట్టవలెను. "నేను ఎవరో చెప్పుకోండి చూద్దాం" అని పరీక్షింపరాదు. ఈ చివరి తప్పును మన బంధువులలో చేయనివారు అరుదు. గుర్తుపట్టలేక ఆ పెద్దమనిషి తెల్లబోయినపుడు చుట్టునున్నవారు నవ్వుదురు. జ్ఞాపకము పోయినను అవమానము తెలియుట పోదని మరువరాదు. "నేను మీ తమ్ముడి కొడుకును పెద్దనాన్నా, మిమ్మల్ని చూడటానికి వచ్చాను" అని మనమే చెప్పినచో ఎంత సుఖము!

ఇంట ఎదురగు చిక్కులకు కూడ ఈ సూత్రములే ఉపాయములు చూపును. భోజనము చేయలేదన్నచో, "ఇప్పుడే తిన్నారుగా" అని వాదింపక, ఒక గ్లాసు మజ్జిగయో, అరటిపండో చేతికిచ్చి మాట మార్చవలెను. గొలుసు దొంగిలించితివని కోడలిని అన్నచో, కోడలు ప్రమాణములు చేయనక్కరలేదు. "పదండి, ఇద్దరం వెతుకుదాం" అన్న చాలును. దాచిపెట్టిన చోటు మరచుట, మరచిన సంగతి తెలియకపోవుట, అందుచేత దొంగతనమని తలంచుట ఈ వ్యాధి క్రమము. "ఇంటికి పోతాను" అని సొంత ఇంటిలో నుండియే బయలుదేరినచో, ఇదే మీ ఇల్లని నిరూపింప యత్నింపరాదు. నాలుగడుగులు వెంట నడచి, పుట్టింటి ముచ్చట్లు అడిగి, వీధి మలుపు నుండి మరలి రావచ్చును. చీకటి పడు వేళకు చాలమందికి కలవరము హెచ్చును; దీపములు ముందుగనే వెలిగించి, ఇంటిలో సందడి తగ్గింపవలెను. పేరు, కుటుంబమువారి ఫోను సంఖ్య ఒక గుడ్డపై కుట్టి చొక్కాకో, రవికకో అతికింపవలెను.

ఈ ఉపాయములు ఎన్ని నేర్చినను ఒక్కరే రాత్రింబగళ్లు చేయజాలరు. సంరక్షకులలో అత్యధికులు స్త్రీలు. రాత్రి నాలుగుసార్లు లేచి, తెల్లవారి వంట చేసి, పగలంతయు ఒకే ప్రశ్నకు నలుబది పర్యాయములు బదులు చెప్పినవారికి విసుగు రాకుండునా? విసుగుకొని ఒక మాట అందురు, అన్నందుకు ఏడ్చుదురు. వారికి రక్తపోటు, నడుమునొప్పి, నిద్రలేమి వచ్చినను వైద్యుని వద్దకు పోవుటకు తీరికయుండదు. ఆమె మంచమెక్కిన నాడు ఇద్దరు రోగులుందురు, కనిపెట్టువారు లేరు. అందుచేత సంరక్షకురాలి విశ్రాంతి ఆమె సుఖము కొరకు మాత్రమే కాదు, ఆ వృద్ధురాలి రక్షణ కొరకు కూడ.

ఇచట దూరదేశములలోని మన తెలుగు బిడ్డలకు ఒక మాట మనవి చేయవలసియున్నది. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న కుమారుడు ఆదివారము ఫోనులో తల్లి ముఖము చూచుచు పది నిమిషములు మాటాడును. ఆ పది నిమిషములు తల్లి సర్వశక్తులు కూడదీసికొని చక్కగా బదులు చెప్పును. ఈ వ్యాధియందు తొలిదశలో ఇది సాధారణము. "అమ్మ బాగానే ఉందే, మీరు ఎక్కువ చేసి చెబుతున్నారు" అని ఆ కుమారుడు అనును. ఇరువదిమూడు గంటల యేబది నిమిషములు చూచినవారి మాటకంటె పది నిమిషములు చూచినవారి మాట బరువైనది కారాదు. ఆయన ధనము పంపుట మంచిదే. నెలకు కొన్ని దినములకు సరిపడు ఆయా జీతము తాను భరించుట ఇంకను మంచిది. సెలవులకు వచ్చినపుడు తల్లిని తాను చూచుకొని, ఆ కనిపెట్టువారిని పదిదినములు ఎక్కడికైనను పంపుట అన్నిటికంటె మంచిది.

వీధిలోనివారు చేయదగినది కూడ గొప్ప త్యాగము కాదు. మూలనున్న కిరాణా దుకాణదారు ఆ పెద్దాయన ఒకే దినము మూడుసార్లు పంచదార కొనవచ్చినపుడు ఇంటికి కబురు చేయవచ్చును. ఆటోస్టాండులోనివారు ఆయన ముఖము గుర్తుంచుకొని, బస్సుస్టాండువైపు పోవుచున్నచో ఆపి, మాటలలో పెట్టి, ఇల్లు చేర్పవచ్చును. గుడిలోని పూజారి, మసీదులోని పెద్దలు, చర్చిలోని పాదిరి ఆయనను ఎప్పటివలెనే పలుకరించి కూర్చుండబెట్టవచ్చును. భజనలో ఆయనకు చోటు ఉండవలెను. మాటలు మరచినవారు కూడ పాటలు మరువకుండుట తరచుగ చూచుచున్నాము. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు ఇట్టి ఇండ్లను గుర్తించి వైద్యుని వద్దకు త్రోవ చూపవచ్చును. హాలండు దేశమున లైడెన్ నగరములో 1997 నుండి నెలకొకమారు రోగులు, కుటుంబములవారు, వైద్యులు కాఫీ త్రాగుచు ఒకచోట కూర్చుని మాటాడుకొను అలవాటును మనస్తత్త్వవేత్త బేరె మీసెన్ ఆరంభించెను. అది పెక్కు దేశములకు వ్యాపించినది. మన ఊరి గ్రంథాలయములో, పంచాయతీ భవనములో, కల్యాణమండపములో నెలకొక సాయంకాలము అట్టి కూటము జరుపుటకు ఏమి అడ్డు?

వైద్యమును గూర్చి రెండు మాటలు. మరపు కనబడగనే వైద్యునికి చూపించుట తప్పక చేయవలెను. థైరాయిడ్ లోపము, బి 12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము కూడ మరపును కలిగించును. ఇవి చికిత్సకు లొంగునవి. ఆల్జీమర్ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. లక్షణములను కొంతకాలము అదుపులో నుంచు మందులు కలవు. రాకుండ చూచుకొనుటయు కొంతవరకు మన చేతిలో నున్నది. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము, మార్చుకొనదగిన కారణములు 14 కలవనియు, వానినన్నిటిని తొలగింపగలిగినచో సుమారు నూటికి 45 పాళ్లు ఈ వ్యాధిని నివారింపనో, వాయిదావేయనో వచ్చుననియు చెప్పినది. రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుట, చెవుడు, చూపుమాంద్యము వానిలోనివి. ఒంటరితనము కూడ ఆ పట్టికలో నున్నది. పొరుగువాని అరుగుమీద కూర్చుని మాటాడుట ఆరోగ్యమునకు కూడ మేలని తేలినది కదా! సలహా కావలసినవారు వృద్ధుల కొరకు 2021లో దేశవ్యాప్తముగా నెలకొల్పిన 14567 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. మనస్సు క్రుంగిన సంరక్షకులు 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవను 14416 అను సంఖ్యపై పొందవచ్చును. ఈ పిలుపులకు రుసుము లేదు.

మా పెద్దమ్మగారి సంగతి చెప్పి ముగింతుము. పరీక్షలైన తరువాత అన్నగారు ఒక సాయంకాలము వీధిలోని నాలుగిండ్లవారిని కాఫీకి పిలిచి, దాపరికము లేక వ్యాధి పేరు చెప్పి, "మా అమ్మ ఇట్లా అంటే ఏమనుకోవద్దు, లోపలికి తీసుకురండి" అని కోరిరి. అంత మాత్రమునకే వీధి మారినది. ఎదురింటనున్న పింఛనుదారైన బడిపంతులమ్మగారు ప్రతి మధ్యాహ్నము ఒక గంట వచ్చి, పెద్దమ్మగారికి వార్తాపత్రిక చదివి వినిపింపసాగిరి. నిన్నటి పత్రికయైనను అభ్యంతరము లేదు. ఆ గంట వదినగారు నిద్రించిరి. మేము మరల పోయినపుడు నోటుపుస్తకమును గూర్చి అడిగితిమి. "ఇప్పుడెవరూ అడగటంలేదు, రాయటం మానేశాను" అని ఆమె చెప్పిరి. పెద్దమ్మగారు తరువాత రెండేండ్లు జీవించిరి. వ్యాధి ముదురుట ఆగలేదు. కడపట మమ్ము గుర్తింపలేదు. కాని వారింటి తలుపు మూయబడలేదు.

మీ వీధిలోను అట్టి అరుగు ఒకటి ఉండవచ్చును. "అన్నం పెట్టలేదమ్మా" అను మాట మీకు వినబడినచో, జాలిపడి ముందుకు సాగిపోకుడు. కోపగించి నలుగురికి చెప్పకుడు. "అట్లాగా అత్తయ్యా, పదండి, నేనూ వస్తాను" అని చేయి పట్టుకొని లోపలికి నడిపింపుడు. వంటింటిలోనుండి కంగారుగా వచ్చిన కోడలితో, "నేను ఓ గంట కూర్చుంటాను, మీరు కాస్త నడుం వాల్చండి" అనుడు. ఆ వృద్ధురాలు మీరు వచ్చిన సంగతి రేపటికి మరచిపోవును. ఆ కోడలు మాత్రము మరువదు.